గణేశ్ మండపాల కమిటీ అన్నలకు: ట్రాలీ మాట్లాడే ముందు ఒక్కసారి చక్రం లేపి చూడండి

అన్నలకు, తమ్ముళ్ళకు నమస్తే.

నేను హైదరాబాద్ ఆటోనగర్‌లో ట్రాక్టర్ ట్రాలీల హబ్బులు (చక్రం నడుమ, లోపల బేరింగులు ఉండే ఇనుప భాగం) విప్పి బిగించే పని చేసుకుంటాను. ఎండాకాలమంతా నీళ్ళ ట్యాంకర్లు, వానలు మొదలయ్యాక ఊళ్ళ నుంచి వచ్చే వ్యవసాయం ట్రాలీలు, చవితి వచ్చిందంటే నిమజ్జనానికి మీరు మాట్లాడుకొచ్చే ట్రాలీలు. మొదటి రెండు రకాలూ షాపుకు వస్తాయి. మీవి రావు, నేనే వాటి దగ్గరికి పోవాలి, అదీ అర్ధరాత్రి, అదీ రోడ్డు నడిమధ్యలో, ముందొక డీజే వెనకొక డీజే మోగుతుంటే. ఈ ఉత్తరం అందుకే.

మీ మీటింగులు నాకు కొత్త కాదు. మా కాలనీ మండపానికి నేనూ చందా పుస్తకం పట్టుకొని గల్లీ గల్లీ తిరిగినవాణ్నే. విగ్రహం ఎన్ని అడుగులు, ధూల్‌పేటలో తీసుకుందామా ఇంకెక్కడైనా చేయిద్దామా, లైటింగ్ ఎవరికి ఇద్దాం, లడ్డూ వేలం ఎంతదాకా పోతుంది, ఒక్కోదాని మీద గంట గంట మాట్లాడుకుంటాం. ట్రాలీ సంగతి వచ్చేసరికి ఎవరో ఒకరు ఫోన్ తీసి "అన్నా, నిమజ్జనం రోజుకు ట్రాలీ ఖాళీ ఉందా?" అంటారు, అవతల నుంచి "ఉంది, పంపిస్తా" అంటారు, అర నిమిషంలో ఖతం. ఏ ట్రాలీ, ఎన్నేళ్ళది, టైర్లు ఎట్లా ఉన్నాయి, పోయిన వారం దాంట్లో ఏం మోశారు, ఎవరూ అడగరు. 11 రోజులు పూజ చేసిన దేవుణ్ని, పైగా మన పిల్లల్ని, ముఖం కూడా చూడని బండి మీద ఎక్కిస్తున్నాం.

ఖైరతాబాద్ సంగతి వేరు. 1954లో ఒక్క అడుగు విగ్రహంతో మొదలై 2024కి 70 అడుగులకు చేరిన మండపం అది, అంత విగ్రహానికి ప్రత్యేకంగా పెద్ద ట్రైలర్ తెప్పించి, విగ్రహాన్ని దానికి వెల్డింగ్ చేసి, క్రేన్లు పెట్టి జాగ్రత్తగా తీసుకుపోతారు. ఇబ్బందంతా 8 అడుగులు, 10 అడుగులు, 12 అడుగులు పెట్టే మనలాంటి కాలనీ మండపాలది. మనకు దొరికేది ఇబ్రహీంపట్నం నుంచో చేవెళ్ళ నుంచో శంషాబాద్ అవతలి నుంచో వచ్చే పొలం ట్రాలీ. దాని ఓనరు చెడ్డవాడని నేను అనను. ఆయనకు అది ఎరువు మోసే డబ్బా, ఇటుకలు మోసే డబ్బా. ఏడాదిలో సగం రోజులు చెట్టు కింద ఊరికే నిలబడి ఉంటుంది. మీరు అడగకపోతే ఆయన హబ్బు విప్పడు, విప్పాల్సిన అవసరం ఆయనకు కనబడదు.

కొన్నేళ్ళ కింద జరిగింది చెప్తా. రాత్రి ఒంటిగంటకు ఫోన్. హిమాయత్‌నగర్ దాటి లిబర్టీ దగ్గర ట్రాలీ ఆగిపోయింది, చక్రం తిరగడం లేదు, ట్రాక్టర్ గుంజితే ఈడ్చుకుపోతోంది. విగ్రహం 11 అడుగులు. నేను సామాను సంచి భుజాన వేసుకొని జనంలోంచి నడుచుకుంటూ పోయేసరికి ముందు వాసన తగిలింది. కాలిన గ్రీసు వాసన ఒకసారి పీల్చినవాడు మరిచిపోడు, మాడిన నూనెలో రబ్బరు ముక్క వేసినట్టు ఉంటుంది. ఎడమ చక్రం పైభాగం బయటికి వాలి ఉంది. ఎవరో పిల్లవాడు వాటర్ బాటిల్ తీసి హబ్బు మీద పోశాడు, సుయ్యిమని పొగ లేచింది. అందరూ అరిచారు, నాకు గుండె ఆగినంత పనైంది, ఎందుకంటే అంత వేడి మీద ఇనుప హబ్బుకు చన్నీళ్ళు తగిలితే పగిలినా పగులుతుంది. పైగా ఆ పిల్లవాడు చక్రం కిందికి వంగి ఉన్నాడు.

హబ్బు క్యాప్ కొట్టి తీస్తే లోపల నట్టు తిరిగిపోకుండా ఆపే స్ప్లిట్ పిన్ను ఉండాల్సిన చోట వంచిన మేకు ఉంది. మామూలు గోడకు కొట్టే మేకు. గ్రీసు గట్టిపడి బెల్లం పాకం ముద్దలా అయిపోయింది. బయటి బేరింగు రోలర్లు ఊడి చేతిలో పడ్డాయి, లోపలి బేరింగు కోన్ (రోలర్ల కింద ఉండే లోపలి రింగు) ఇరుసుకు అతుక్కుపోయింది, సుత్తితో కొట్టినా రాలేదు. ఓనరు పక్కనే నిలబడి "మొన్ననే గ్రీసు పెట్టించినా అన్నా" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు, నిజంగానే పెట్టించాడు. హబ్బు క్యాప్ తీసి అందులో ఒక పిడికెడు గ్రీసు కుక్కి మళ్ళీ మూసేశారు. అది బేరింగు దాకా పోదు, క్యాప్‌లోనే కూర్చుంటుంది, చూసేవాడికి మాత్రం నిండుగా కనిపిస్తుంది.

ఇంకో ట్రాలీ దొరకబుచ్చుకొని, క్రేన్ పిలిచి, విగ్రహాన్ని దాని మీదికి మార్చేసరికి తెల్లారుతోంది. వెనక మండపాలన్నీ అన్ని గంటలూ ఆగిపోయాయి. బందోబస్తుకు నిలబడ్డ పోలీసాయన నన్నే తిట్టాడు, ట్రాలీ నాది అనుకొని.

అప్పుడు ఒక తమ్ముడు అడిగాడు, మనిషి నడిచే స్పీడుతో పోయే బండికి బేరింగు ఎట్లా కాలింది అన్నా అని. మంచి ప్రశ్న. అసలు దెబ్బ లిబర్టీలో తగల్లేదు. ఆ ట్రాలీ పొద్దున ఊరి నుంచి నలభై కిలోమీటర్లు ఖాళీగా, ట్రాక్టర్ ఎంత స్పీడు పోగలదో అంత స్పీడుతో వచ్చింది. ఎవరో పానాకు పైపు తగిలించి నట్టును బలంగా బిగించి పెట్టారు, లూజు లేని బేరింగు వేడెక్కింది, ఉన్న కొంచెం గ్రీసు పలచనై చిరిగిన సీల్ (గ్రీసు బయటికి, నీళ్ళు లోపలికి పోకుండా హబ్బు వెనక ఉండే రింగు) నుంచి వెనక్కి కారిపోయింది, రోలర్లను పట్టి ఉంచే జాలీ విరిగింది. సాయంత్రం మీరు విగ్రహం ఎక్కించేటప్పటికే అది చచ్చిన బేరింగు. దాని మీద నాలుగు టన్నులు పెట్టి పది అడుగులు నడిపి ఆపి, మళ్ళీ పది అడుగులు నడిపితే రోలర్ తిరగదు, రాసుకుంటుంది, ఇనుము మీద ఇనుము.

చెట్టు కింద నిలబెట్టిన ట్రాలీ అరగదు కదా అని చాలామంది అంటారు. అరగదు, తుప్పు పడుతుంది. వానకు హబ్బులోకి చెమ్మ చేరి రోలర్లు ఎక్కడెక్కడ ఆనుకొని ఉన్నాయో అక్కడక్కడ కప్పు (రోలర్లు తిరిగే బయటి రింగు) మీద సన్నటి గీతలు పడతాయి, దువ్వెన పళ్ళు అద్దినట్టు సమానమైన దూరంలో. అట్లాంటి కప్పు కనబడితే దాన్ని తుడిచి మళ్ళీ వేయొద్దు. కప్పూ కోనూ జతగా మార్చాలి, ఒక్కటే మారిస్తే పాతది కొత్తదాన్ని తినేస్తుంది.

అందుకే నా కోరిక ఒక్కటే. అడ్వాన్సు ఇచ్చే ముందు, నిమజ్జనానికి కనీసం వారం ముందు, పగటిపూట, ఇద్దరు పోయి ఆ ట్రాలీని చూడండి. జాకీ పెట్టి రెండు చక్రాలూ ఒక్కొక్కటిగా లేపండి. లేపని చక్రానికి ముందూ వెనకా రాళ్ళు పెట్టండి, ట్రాక్టర్ తగిలించే ఉంచండి. లేపిన చక్రాన్ని పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పెట్టి పట్టుకొని మీ వైపు లాగి అవతలికి నెట్టండి. కాస్త కదిలీ కదలనట్టు ఉంటే పర్వాలేదు, టక్కు టక్కుమని ఊగితే బేరింగు లూజు లేదా అరిగింది. తర్వాత చేత్తో తిప్పి, రెండో చెయ్యి పైన కమాన్ పట్టీల (స్ప్రింగు పట్టీల) మీద పెట్టండి. చెవికి వినబడని గరగర కమాన్ పట్టీలోంచి అరచేతికి తెలుస్తుంది. మా ఉస్తాద్ నాకు మొదటి రోజు నేర్పింది ఇదే, నేను బేరింగు విప్పబోతుంటే చేతి మీద ఒకటి వేసి, ముందు చెయ్యి పెట్టి విను అన్నాడు. చక్రం నున్నగా తిరిగి మెల్లగా ఆగితే మంచిది. ఇసుక నలిగినట్టు అనిపిస్తే హబ్బు విప్పించాల్సిందే.

విప్పితే గ్రీసే కథ చెప్తుంది. పాల రంగులో తెల్లగా నురగలా ఉందంటే నీళ్ళు పోయాయి. నల్లగా ఉండి వేళ్ళ మధ్య రాస్తే తళతళ మెరుస్తుందంటే అది ఇనుప పొడి, బేరింగు అరుగుతోంది. రోలర్లు నీలం రంగుకు తిరిగితే ఎప్పుడో కాలింది, దాన్ని ఎంత కడిగినా లాభం లేదు. కడగడం అంటే గుర్తొచ్చింది, పాత గ్రీసు పూర్తిగా తీసేయకుండా దాని మీదే కొత్త గ్రీసు పెట్టే అలవాటు మన దగ్గర చాలా ఉంది. రెండు గ్రీసులూ వేర్వేరు రకాలైతే కలిసినచోట పలచబడి కారిపోవచ్చు. డీజిల్‌లో కడిగి, గుడ్డతో తుడిచి, బాగా ఆరనిచ్చి, అప్పుడు లిథియం రకం బేరింగు గ్రీసు అరచేతిలో పెట్టుకొని బేరింగు అంచును దాంట్లోకి అదుముతూ పోవాలి, పైన రోలర్ల మధ్య నుంచి గ్రీసు పురుగుల్లా బయటికి వచ్చేదాకా. అంత చేస్తేనే గ్రీసు పెట్టినట్టు. అట్లాగని హబ్బు ఖాళీ అంతా కుక్కి నింపితే అది వేడికి పొంగి సీల్‌ను నెట్టేస్తుంది.

సీల్‌కు పెద్ద ఖర్చేం కాదు, అయినా అదే మిగుల్చుకుంటారు. హబ్బు విప్పిన ప్రతిసారీ సీల్ కొత్తది వేయించండి, పెదవికి కొంచెం గ్రీసు రాయించండి, సుత్తితో ఒక మూల కొట్టకుండా పైన చెక్క పెట్టి సమంగా కూర్చోబెట్టమనండి. ఊరి చెరువులో నిమజ్జనం చేసేవాళ్ళకు ఇది ఇంకా ముఖ్యం. కొందరు డ్రైవర్లు ట్రాలీని రివర్స్‌లో ఇరుసు మునిగేదాకా నీళ్ళలోకి దింపేస్తారు. నడిచి నడిచి వేడెక్కిన హబ్బు చల్లటి నీళ్ళలో పడగానే లోపలి గాలి ముడుచుకొని, చిరిగిన సీల్ ఎక్కడుందో చూసుకొని అక్కడి నుంచి నీళ్ళను లోపలికి గుంజుకుంటుంది. ఆ రోజు ఏమీ కాదు. నెల తర్వాత ఓనరు ఇటుకలు వేసుకొని పోతుంటే అవుతుంది, మీకు తెలియదు కూడా. నీళ్ళలో దింపాల్సి వస్తే ఒక అరగంట ఆపి హబ్బు చల్లారాక దింపమనండి, తర్వాత హబ్బు విప్పించే ఖర్చు కూడా ముందే మాట్లాడుకోండి, న్యాయం అది.

నట్టు బిగింపు గురించి ఒక్క ముక్క, ఎందుకంటే పది హబ్బులు కాలితే వాటిలో ఎక్కువ నాకు ఇక్కడే దొరికాయి. చక్రాన్ని చేత్తో తిప్పుతూ నట్టు బిగించాలి, బేరింగులు సర్దుకొని కూర్చునేదాకా. తర్వాత పూర్తిగా లూజు చెయ్యాలి. తర్వాత వేళ్ళతోనే, పానా లేకుండా, ఆనేదాకా బిగించి, స్ప్లిట్ పిన్ను రంధ్రం కలవకపోతే ఇంకా బిగించడం కాదు, కొంచెం వెనక్కి తిప్పి కలపాలి. లూజు ఒక కాగితం మందం మించకూడదు, సున్నా కూడా కాకూడదు. పిన్ను కొత్తది. మేకు కాదు, సైకిల్ స్పోకు కాదు, కరెంటు వైరు అంతకన్నా కాదు (అది కూడా చూశాను).

బేరింగు కొత్తది కొనాల్సి వస్తే రాణిగంజ్‌లో దొరుకుతుంది, పాతది చేతిలో పట్టుకొని పోండి, దాని మీది నంబరు చూపించండి. 32210 అని ఉంటే చివరి పదిని ఐదుతో గుణించండి, 50, అంటే లోపలి బోరు (ఇరుసు దూరే రంధ్రం) 50 మిల్లీమీటర్లు. ఈ లెక్క ఎందుకంటే 30210 అని ఇంకొకటి ఉంటుంది, దాని బోరూ అదే, బయటి కొలతా అదే, హబ్బులో చక్కగా కూర్చుంటుంది, కానీ వెడల్పు మూడు మిల్లీమీటర్లు తక్కువ, మోసే బరువూ తక్కువ. ఒకటి స్టాకు లేదని రెండోది అంటగట్టేవాళ్ళు ఉంటారు. తీసుకోవద్దు.

ఇక హుక్కు. ట్రాక్టర్‌కీ ట్రాలీకీ మధ్య ఉండేది ఒక్క పిన్ను, అన్నా. విగ్రహం, మనుషులు, డీజే, జనరేటర్, మొత్తం దాని మీదే ఆధారం. నేను చూసిన ట్రాలీల్లో పిన్నుకు బదులు పొడుగు బోల్టు వేసినవి తక్కువేం కాదు. బోల్టు బలంగానే కనిపిస్తుంది, కానీ దానికి మరలు ఉంటాయి, ఒక్కో మర ఒక్కో గాటు లెక్క, కుదుపు పడ్డప్పుడల్లా ఆ గాటు దగ్గరే పగులు మొదలై ఒకరోజు కత్తితో కోసినట్టు తెగుతుంది. సరైన పిన్ను నున్నగా ఉంటుంది, పైన తల ఉంటుంది, కింద రంధ్రంలో రింగు క్లిప్పు ఉంటుంది. ఆ క్లిప్పు లేకుండా ఎక్కడికీ కదలనివ్వొద్దు. స్పీడ్ బ్రేకర్ మీద ట్రాలీ ముక్కు (ట్రాక్టర్‌కు తగిలించే ముందు కొన) ఎగిరితే పిన్ను కూడా పైకి ఎగురుతుంది.

పిన్ను తీయించి వేలితో తడమండి. నడుం దగ్గర సన్నబడి ఉంటే మార్పించండి. ట్రాలీ ముక్కుకు ఉన్న రింగు గుండ్రంగా ఉందా, కోడిగుడ్డులా సాగిందా చూడండి. సాగితే ట్రాక్టర్ కదిలినప్పుడొకసారి, ఆగినప్పుడొకసారి ఠంగుమని కొట్టుకుంటుంది, ఆ చప్పుడు మీకు డీజేలో వినబడదు, అందుకే ముందే చూడమంటున్నా. ముక్కు దగ్గర వెల్డింగులన్నీ నీళ్ళు పోసి తుడిచి చూడండి. పెయింటు మీద వెంట్రుకంత సన్నగా తుప్పు గీత కనిపిస్తే దాని కింద పగులు ఉందని అర్థం. మీద ఇంకో బొట్టు వెల్డింగు పెట్టి "అయిపోయింది" అంటే ఒప్పుకోవద్దు, పగులు మొత్తం గ్రైండింగ్ చేసి తీసేసి, నింపి, పట్టీ వేయాలి.

గొలుసు. ఇది అడిగితే చాలామంది ఓనర్లు నవ్వుతారు. పిన్ను పోయినా ట్రాలీ విడిపోకుండా రెండు గొలుసులు ముక్కు కింద ఒకదాన్నొకటి దాటుతూ, కత్తెర వేసినట్టు, ట్రాక్టర్‌కు కట్టాలి. అట్లా దాటిస్తేనే ముక్కు ఊడితే నేల మీద గుచ్చుకోకుండా గొలుసుల ఊయల మీద పడుతుంది. మలుపు తిరగడానికి సరిపోయేంత వదులు ఉంటే చాలు, రోడ్డుకు రాసుకునేంత వద్దు. మన ట్రాలీల్లో చాలావాటికి అసలు బ్రేకే ఉండదు, ట్రాక్టర్ ఆగితేనే అది ఆగాలి. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు పిన్ను పోతే వెనక నడుస్తున్న మన ఆడపిల్లలు, కోలాటం పిల్లలు ఎక్కడుంటారో ఒకసారి ఊహించుకోండి.

ఈ మాట రాయడానికి ఇబ్బందిగానే ఉంది, మన పిల్లలే కాబట్టి. ట్రాక్టర్‌కీ ట్రాలీకీ మధ్య ఆ ముక్కు మీద నిలబడి జెండా ఊపేవాళ్ళను దింపండి. అక్కడి నుంచి జారితే పడేది ట్రాలీ చక్రం కిందే. రివర్స్ చేసి తగిలించేటప్పుడు కూడా పిన్ను పట్టుకొని మధ్యలో చెయ్యి పెట్టి "రానీ రానీ" అనే కుర్రాడు ప్రతి కమిటీలో ఒకడుంటాడు, వాడికి వేళ్ళు కావాలంటే ట్రాక్టర్ పూర్తిగా ఆగాకే చెయ్యి పెట్టాలి.

బరువు ఎక్కడ పెడుతున్నారో కూడా చూసుకోవాలి. విగ్రహం వెనక నుంచి అందరికీ కనబడాలని వెనక్కి జరుపుతారు, దాని వెనక జనరేటర్, ఆ వెనక నలుగురు కాళ్ళు వేలాడేసుకొని కూర్చుంటారు. చక్రాలకు వెనక బరువు ఎక్కువైతే ముక్కు పైకి లేస్తుంది, ట్రాక్టర్ వెనక చక్రాలను కూడా కొంచెం లేపుతుంది, పట్టు పోతుంది. మొత్తం బరువులో పదో వంతు, కొంచెం ఎక్కువైనా సరే, పిన్ను మీద పడాలి. నాలుగు టన్నులైతే నాలుగు వందల కిలోలు. మరీ అంతా ముందుకు తోస్తే ట్రాక్టర్ ముందు చక్రాలు తేలి స్టీరింగు మాట వినదు. విగ్రహం ఇరుసు మీదుగా, కొంచెం ముందుకు, జనరేటర్ విగ్రహానికి ముందు. మనుషుల బరువు ఎవరూ లెక్క వేయరు, 25 మంది ఎక్కితే మనిషికి 60 కిలోల చొప్పున టన్నున్నర. చాలా మండపాల్లో విగ్రహం కన్నా జనమే బరువు. ట్రాలీకి వేరే ఆర్‌సీ ఉంటుంది, ఎంత బరువు మోయొచ్చో అందులో రాసి ఉంటుంది, ఓనరును అడిగి చూడండి. ఆర్‌సీ లేదంటే ఆ ట్రాలీ వద్దు.

టైర్లకు వస్తే, మీరు చూసేది పైన పువ్వు (గాట్లు) ఉందా లేదా అని. పొలం ట్రాలీ టైరుకు పువ్వు ఉంటుంది, ఎందుకంటే అది పెద్దగా తిరగదు. ఎండకు ఎండి, వానకు తడిసి, పక్కగోడలు మాత్రం బీటలు వారిన చెరువులా ఉంటాయి. పక్కన నాలుగు అంకెలు ఒక చిన్న గడిలో ఉంటాయి, 2317 అంటే 2017లో 23వ వారం తయారైంది అని. పదేళ్ళు దాటిన టైరు పువ్వు ఎంత ఉన్నా నేను మనుషులు ఎక్కే బండికి వేయను. రీబటన్ చేసిన (పాత టైరు మీద కొత్త రబ్బరు పొర అతికించిన) టైరు అయితే అతుకు దగ్గర పొర లేస్తోందా వేలుతో గిల్లి చూడండి. ఎడమా కుడీ ఒకే సైజు ఉండాలి, ఒకవైపు 9.00-16, ఇంకోవైపు 7.50-16 వేసి "నడుస్తది అన్నా" అన్న మహానుభావుడు కూడా నాకు తగిలాడు.

గాలి బండి నడవకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు కొలవాలి, టైరు మీదే ఎంత బరువుకు ఎంత గాలో రాసి ఉంటుంది. కాలితో తన్ని గట్టిగా ఉంది అనడం కొలత కాదు. గాలి తక్కువైతే టైరు అడుగు తిరిగినప్పుడల్లా పక్కగోడ మడిచి విప్పుకుంటుంది, ఆ మడతకే వేడెక్కి లోపలి దారాలు తెగుతాయి. అప్పటికి బయటికి ఏమీ కనబడదు. విగ్రహానికి ఇంకో లెక్క ఉంది. రెండు చక్రాల మధ్య 5 అడుగులు అనుకుందాం. ఒకవైపు టైరు ఒక్క అంగుళం దిగితే 12 అడుగుల విగ్రహం తల దాదాపు రెండున్నర అంగుళాలు పక్కకు వాలుతుంది. పంక్చరై నాలుగు అంగుళాలు దిగితే పది అంగుళాలు. పైన కరెంటు తీగలు, పక్కన బాల్కనీలు. మీరు కట్టిన తాళ్ళు ఆ పది అంగుళాలు మోయగలవా?

స్టెప్నీ ఉందా, దానిలో గాలి ఉందా, ఆ నట్లకు సరిపోయే పానా ఉందా, లోడు మీద లేపగలిగే జాకీ ఉందా, జాకీ కింద పెట్టడానికి మందపాటి చెక్క ఉందా. ఇవన్నీ ట్రాక్టర్ డ్రైవర్ దగ్గర ఉంటాయని అనుకోకండి, కళ్ళతో చూడండి. చక్రం నట్లు ఒకదాని పక్కన ఒకటి వరుసగా బిగించకూడదు, ఎదురెదురుగా బిగించాలి. నట్టు కింద నుంచి తుప్పు రంగు చారలు కారినట్టు ఉంటే ఆ నట్టు ఎప్పటి నుంచో లూజు. చక్రం విప్పి బిగించిన ట్రాలీ అయితే ఊరి నుంచి మీ మండపానికి రాగానే ఇంకోసారి పానా వేయించండి, కొత్తగా బిగించినవి మొదటి యాభై కిలోమీటర్లలోనే వదులవుతాయి.

వచ్చిన వెంటనే ఇంకో పని, ఇది ఫ్రీ. రెండు హబ్బుల మీద చెయ్యి పెట్టండి, ముందు వేలుతో తాకి చూసి తర్వాత. గోరువెచ్చగా ఉంటే మంచిది. చెయ్యి రెండు సెకన్లు కూడా పెట్టలేకపోతే, లేదా ఒకటి వెచ్చగా ఇంకోటి మండుతూ ఉంటే, ఆ ట్రాలీ మీదికి దేవుణ్ని ఎక్కించకండి, ఎంత టైం అయిపోయినా సరే. అప్పుడు మీకు ఇంకా సగం రోజు ఉంటుంది, లిబర్టీలో ఉండదు.

 

ట్రాలీ ఓనర్లు కూడా ఇది చదువుతారని తెలుసు. మీమీద కోపం లేదు. హబ్బులు విప్పి గ్రీసు పెట్టించడం, సీళ్ళు, పిన్ను, క్లిప్పు, గొలుసు, ఇదంతా చేయించినవాళ్ళు కిరాయి కొంచెం ఎక్కువ అడగండి, అందులో తప్పేం లేదు. కమిటీ అన్నలు కూడా ఇచ్చేయండి. వేలంలో లడ్డూ మీద పాడే పాట ముందు, డీజే అడ్వాన్సు ముందు అది ఎంత చెప్పండి. తక్కువకు వచ్చే ట్రాలీకీ ఎక్కువకు వచ్చే ట్రాలీకీ తేడా ఎక్కడుందో అడగండి, "హబ్బు ఎప్పుడు విప్పారు?" అని ఒక్క ప్రశ్న వేయండి. జవాబు చెప్పడానికి ఆలోచిస్తే మీకు అర్థమైపోతుంది. వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు, టేప్ కూడా అడగండి, తెల్లవారుజామున ఖాళీ ట్రాలీ ఊరికి పోయేటప్పుడు చీకట్లో దాన్ని వెనక నుంచి వచ్చేవాడు చూడాలి. మీ పని నిమజ్జనంతో అయిపోయింది, డ్రైవర్‌ది కాలేదు, రాత్రంతా నిద్ర లేకుండా మళ్ళీ నలభై కిలోమీటర్లు పోవాలి అతను. అతనికి రెండు గంటలు పడుకునే చోటు చూపించి పంపండి.

ఇక నా సంగతి. చవితి నుంచి నిమజ్జనం ముందురోజు దాకా షాపు తెరిచే ఉంటుంది. చక్రం లేపి చూడటానికి నేను డబ్బులు తీసుకోను, మా పక్క షాపుల వాళ్ళను కూడా అడిగాను, చాలామంది సరే అన్నారు. విప్పాల్సి వస్తే పనికీ సామానుకీ మామూలు లెక్కే. పొద్దున పూట రండి, సాయంత్రం అయితే హబ్బు విప్పి కడిగి ఆరబెట్టే టైం ఉండదు, రాత్రి దీపం వెలుగులో కప్పు మీది గీతలు కనబడవు. ఇంకోటి, ట్రాలీని ఖాళీగా తీసుకురండి. పోయినసారి ఒకాయన వస్తూ వస్తూ దారిలో మట్టి కిరాయి దొరికిందని నిండా నింపుకొని వచ్చాడు, జాకీ పెట్టడానికి ముందు ఇద్దరం కలిసి పారలతో దింపుకున్నాం.